కొత్త లాన్‌కి నీళ్లు ఎన్ని పూటలు?

ప్రశ్న: ఇంటి ముందు ఖాళీ స్థలంలో మట్టితో సహా వచ్చే గడ్డి పలకలు పరిపించి పన్నెండు రోజులైంది. పరిచిన రోజు చూడ్డానికి రెండు కళ్లూ చాలలేదు. ఇప్పుడు సిమెంటు బాట పక్కన అంచులు గోధుమ రంగుకు తిరిగాయి. పలకకీ పలకకీ మధ్య వేలు పట్టేంత సందులు కనిపిస్తున్నాయి. కుళాయి దగ్గర పల్లంలో మాత్రం గడ్డి పసుపుపచ్చగా అయిపోయింది, కాలు పెడితే బురద. చెట్టు కింద ముక్క పలచబడుతోంది. పరిచినవాళ్లు రోజూ మూడు పూటలా నీళ్లు పెట్టమన్నారు, అలాగే పెడుతున్నాను. పక్కింటాయన నీళ్లు ఎక్కువై చచ్చిపోతోంది, ఆపేయండి అంటున్నారు. తోటమాలి యూరియా చల్లితే నాలుగు రోజుల్లో కళ వచ్చేస్తుంది అంటున్నాడు. పిల్లలు ఎప్పుడు ఆడుకోనిస్తావని రోజూ ప్రాణం తీస్తున్నారు. పొద్దున్నే తలుపు తీసి లాన్ చూడాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీకు సలహా ఇచ్చిన ముగ్గురిలో ఇద్దరు నిజమే చెప్పారు. పరిచినవాళ్ల మాట మీ అంచులకు సరిపోతుంది, పక్కింటాయన మాట మీ పల్లానికి సరిపోతుంది. ఒకే లాన్‌లో ఒక చోట దాహం, ఇంకో చోట నీళ్లు ఎక్కువై వేళ్లకు ఊపిరాడని పరిస్థితి. మొత్తానికీ ఒకే లెక్కన నీళ్లు పెడుతున్నంత కాలం ఒక పక్క బాగుచేస్తూ ఇంకో పక్క పాడుచేస్తూనే ఉంటారు. అందుకని ఎన్ని పూటలన్న లెక్క కాసేపు పక్కన పెట్టి, ముందు పలకల కింద ఏం జరుగుతోందో చూడండి.

చూడటమంటే నిజంగా ఎత్తి చూడటమే. అంచు దగ్గర ఒక పలక, పల్లంలో ఒకటి, నడుమ బాగున్న చోట ఒకటి ఎంచుకోండి. వేళ్లు గడ్డి మొదళ్లలోకి పోనిచ్చి ఒక మూలను మెల్లగా పైకి లాగండి. నడుమ ఉన్న పలక పన్నెండు రోజులకి కాస్తో కూస్తో మొరాయించాలి. మొరాయిస్తే బలవంతం చేయొద్దు, వేరు కింది మట్టిలోకి దిగడం మొదలైందన్నమాట. అంగుళం మేర లేస్తే వంగి పక్కనుంచి చూడండి. పాత వేళ్లు గోధుమ రంగులో, చివర కత్తితో కోసినట్టు మొండిగా ఉంటాయి. కొత్తవి తెల్లగా, దారం కంటే సన్నగా ఉండి కిందికి వేలాడుతుంటాయి. తేడా ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత పలక అడుగునూ, దాని కింద నేలనూ వేలితో తాకండి. రెండూ చల్లగా, చెమ్మగా ఉండి వేలికి కొంచెం మట్టి అంటితే అక్కడ ఏ లోటూ లేనట్టే. పలక అడుగు పొడిపొడిగా రాలుతుంటే మీరు పెడుతున్న నీళ్లు పైపైనే ఆరిపోతున్నాయి. జిగటగా ఉండి మురుగు వాసన వస్తే అక్కడ నీళ్లు ఆపాల్సిందే. చూశాక మూలను దించి, మడమతో గట్టిగా అదమండి.

ఇంత పట్టిపట్టి చెప్పడానికి కారణం ఉంది. గడ్డి పెంచే తోటలో యంత్రం ఈ పలకలను ఒకటి రెండు సెంటీమీటర్ల మట్టితో పలచగా చెక్కి తీస్తుంది. వేళ్లలో ఎక్కువ భాగం ఆ తోటలోనే ఉండిపోతుంది. మీ ఇంటికి వచ్చింది నిండుగా ఆకు, కొద్దిపాటి వేరు. వేరు తెగింది కదా అని ఆకు ఊరుకోదు, ఎండ తగిలినంతసేపూ నీటిని ఆవిరి చేస్తూనే ఉంటుంది. వరి నారు పీకి నాటాక నాలుగు రోజులు తల వేలాడేసి, ఆ తర్వాత మూన తిరుగుతుంది, అంటే కొత్త వేరు పట్టి తేరుకుంటుంది చూడండి, ఇదీ అదే. కాకపోతే వరి వాడిపోయి తన కష్టం ముందే చెప్పేస్తుంది. పలకల గడ్డి మొదటి వారమంతా పచ్చగానే కనబడి నమ్మిస్తుంది. ఆ పచ్చదనం మీ నేల ఇచ్చింది కాదు. తోటలో తాగిన నీళ్లదీ, తిన్న ఎరువుదీ.

మొదటి పది పద్నాలుగు రోజులు మనం నీళ్లు పెట్టేది ఆ పలచటి మట్టి ఆరిపోకుండా చూడటానికి. ఉన్నది రెండు సెంటీమీటర్లే కాబట్టి గట్టి ఎండలో పూట గడిచేసరికే ఆరిపోతుంది. అందుకే రోజుకి రెండు మూడు సార్లు తడపమంటారు. మీ లాన్ నడుమ భాగంలో ఆ దశ దాదాపు అయిపోవచ్చింది. ఇక్కడినుంచి పద్ధతి తిరగేయాలి. పెట్టే సార్లు తగ్గాలి, పెట్టినప్పుడు లోతుకి దిగాలి. ఈ మార్పు దగ్గరే చాలామంది ఆగిపోతారు. నెల దాటినా అవే మూడు పూటల చిలకరింపులు కొనసాగిస్తారు. పైపొరలో ఎప్పుడూ చెమ్మ దొరుకుతుంటే వేరుకి కిందికి దిగాల్సిన పనేముంది? అలా పెరిగిన లాన్, మీరు వేసవిలో రెండు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి మాడిపోయి ఉంటుంది.

నడుమ భాగం వేరు పట్టిందని తేలితే, ఈ వారం రోజుకి ఒక్కసారి, ఉదయం పూట పెట్టండి. పై వారం రోజు విడిచి రోజు. అలా తగ్గించుకుంటూ నెల దాటాక వారానికి రెండుసార్లకి తీసుకురండి. అప్పటికి వారానికి మొత్తం 25 మిల్లీమీటర్ల నీళ్లు, వానతో కలిపి, సాధారణంగా సరిపోతాయి. ఇసుక నేలయితే, ఎండ మరీ ముదిరితే కాస్త ఎక్కువ. తగ్గించే రోజుల్లో మధ్యాహ్నం ఒకసారి లాన్ మీద చూపు వేయండి. గడ్డి పచ్చ రంగు పోయి నీలం కలిసిన బూడిద రంగులోకి వచ్చినా, ఆకు నిలువునా ముడుచుకున్నా, మీరు నడిచిన అడుగుల గుర్తులు లేవకుండా అలాగే ఉండిపోయినా దాహం వేసినట్టు. అప్పుడు ఆ చోట మాత్రం తేలిగ్గా చిలకరించండి. మిట్టమధ్యాహ్నం నీళ్లు పడితే ఆకు కాలిపోతుందని భయపెడతారు, అది అపోహే. మధ్యాహ్నం పెడితే కొంత ఆవిరైపోతుంది, అంతే నష్టం. సాయంత్రం పెట్టడమే నాకు అసలు నచ్చదు. రాత్రంతా ఆకు తడిగా ఉంటే బూజు తెగుళ్లకి అంతకంటే కావాల్సింది లేదు.

25 మిల్లీమీటర్లంటే ఎంత అని అడుగుతారు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే సరిగ్గా ఒక లీటరు. స్ప్రింక్లర్ ఉంటే నిటారు గోడలున్న ఖాళీ డబ్బాలు నాలుగైదు లాన్‌లో అక్కడక్కడ పెట్టి, పావుగంట నడిపి, ప్రతి డబ్బాలో ఎంత లోతు పడిందో స్కేలుతో కొలవండి. ఒక డబ్బాలో ఎనిమిది మిల్లీమీటర్లు, ఇంకో దాంట్లో రెండే పడటం మామూలే. మీ అంచుల గుట్టు ఆ డబ్బాల్లోనే బయటపడొచ్చు. పైపుతో పెడుతుంటే పదిహేను లీటర్ల బకెట్ ఎంతసేపట్లో నిండుతుందో చూసుకోండి. నిమిషంలో నిండితే, పది చదరపు మీటర్లకి పన్నెండు మిల్లీమీటర్లు పెట్టడానికి ఎనిమిది నిమిషాలు నిలబడాలి. ఎనిమిది నిమిషాలు అనుకున్నంత చిన్న సమయం కాదు. మనలో చాలామంది రెండు నిమిషాలు చిలకరించి బాగా తడిపేశామనుకుంటాం.

ఇక మీ అంచులు. సిమెంటు బాట పగలంతా వేడెక్కి ఆ వేడిని పక్కనున్న మట్టికి పంపుతుంది. పలక తెగిన అంచుకి గాలి కూడా నేరుగా తగులుతుంది. అందుకే ఎవరి లాన్‌లోనైనా మొదట ఎండేది అంచులూ, మూలలే. పలక ఆరితే ముడుచుకుంటుంది, ఆ ముడుచుకున్న మేరే మీకు కనిపిస్తున్న సందులు. బాగా ఎండిన పలక మీద నీళ్లు పోస్తే ఇంకకుండా పక్కకి జారిపోవడం కూడా గమనించే ఉంటారు. కాబట్టి ఒకేసారి గుమ్మరించకుండా కొంచెం పోసి, పది నిమిషాలు ఆగి, మళ్లీ పోయండి. రెండో విడతకి ఇంకడం మొదలవుతుంది. వాలు నేలకీ ఇదే మంచి పద్ధతి. సందుల్లోకి మీ నేల మట్టినే జల్లెడ పట్టి, సగానికి సగం ఇసుక కలిపి నింపండి. చేత్తో అదిమి తడిపితే దిగిపోతుంది, అప్పుడు ఇంకాస్త వేయండి. గడ్డి ఆకు మాత్రం మట్టి కింద పూడిపోకూడదు. బాట వైపు పలక అంచు గాలికి తేలి కనిపిస్తుంటే దాని వెంట కూడా ఇదే మట్టి ఒరగా పేర్చండి. ఈ నాలుగు మూరల అంచుకి మాత్రం ఇంకో వారం పది రోజులు రెండు మూడు పూటలా చేత్తో నీళ్లు పట్టాల్సిందే, మిగతా లాన్‌తో పోల్చకండి.

గోధుమ రంగు చూసి చచ్చిపోయిందనుకోకండి. ఆకులు పక్కకి తప్పించి మొదలు చూడండి. ఆ మొదలు తెల్లగానో లేతాకుపచ్చగానో గట్టిగా ఉంటే ప్రాణం ఉంది. పాకే తీగను గోటితో గిల్లితే లోపల పచ్చిగా ఉండాలి, వంచితే పుటుక్కున విరగకూడదు. బెర్ముడా, జోయిసియా వంటి పాకే రకాలైతే బతికున్న తీగలే మెల్లగా సందులు మూసేస్తాయి.

పల్లం సంగతికి వస్తే, నాకు మీ లాన్‌లో అన్నిటికంటే కంగారు పెట్టే చోటు అదే. ఎండిన గడ్డికి నీళ్లు పోసి బతికించవచ్చు, కుళ్లిన వేరుని బతికించలేం. తడి ఎక్కువైతే మట్టిలో గాలికి చోటుండదు. గాలి అందని వేరు నీటిని కూడా పీల్చలేదు. అందుకే నీళ్లలో నిలబడ్డ గడ్డి కూడా వాడిపోయినట్టే కనబడుతుంది, మనం జాలిపడి ఇంకాస్త పోస్తాం. ఆ చోట ఇవాళ్టినుంచే నీళ్లు ఆపండి. కుళాయి కారుతుంటే ముందు దాన్ని బాగుచేయించండి. రెండు మూడు రోజులకి నేల కాస్త పదునుకి వచ్చాక ఆ నాలుగు పలకలూ ఎత్తేయండి. ఇంకా గట్టిగా వేరు పట్టి ఉండవు కాబట్టి ఇప్పుడైతే తేలిగ్గా లేస్తాయి, నెల పోతే పారతో కోయాల్సి వస్తుంది. కింద ఒక పార లోతు తవ్వి చూడండి. కొత్తగా కట్టిన ఇళ్ల దగ్గర ఆ లోతులో గట్టిపడిన సిమెంటు, ఇటుక ముక్కలు, లారీ చక్రాలు తిరిగి బిగిసిపోయిన మట్టి దొరకడం కొత్తేమీ కాదు. నీళ్లూ దిగవు, వేరూ దిగదు. అవన్నీ ఏరేసి, పది పదిహేను సెంటీమీటర్లు గుల్ల చేసి, చుట్టుపక్కల నేలకి సమానంగా మట్టి పోసి, అదిమి, పలకలు తిరిగి పరవండి. అడుగు నల్లగా కుళ్లి వాసన కొడుతున్న పలకలను మాత్రం మళ్లీ పెట్టకండి. ఆ మేరకి కొత్తవి తెచ్చుకోవడమే నయం.

ఆ తడి చోట గొడుగుల్లాంటి పుట్టగొడుగులు లేస్తే కంగారుపడొద్దు. మట్టిలోని పాత ఆకూ అలమూ కుళ్లేటప్పుడు వస్తాయి, గడ్డికి హాని లేదు. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోకుండా పీకేయండి చాలు. తెల్లవారేసరికి ఆకుల మీద సాలెగూడులా సన్నటి తెల్లటి పోగులు కనిపిస్తూ, గుండ్రటి మచ్చలు రోజురోజుకీ పెద్దవవుతుంటే అది బూజు తెగులు కావచ్చు. అప్పుడు మందు గురించి ఆలోచించే ముందు నీళ్లు తగ్గించి చూడండి, చాలాసార్లు అక్కడే సర్దుకుంటుంది.

నడుస్తుంటే ఎక్కడైనా కాలి కింద డొల్లగా దిగినట్టుంటే పలకకీ నేలకీ మధ్య గాలి ఉన్నట్టు. గాలిలోకి వేరు పోదు. వెడల్పాటి చెక్క వేసి దాని మీద ఎక్కి నిలబడండి, లేదా తేలికపాటి రోలర్ దొర్లించండి.

యూరియా వద్దనడానికి నాకు తోటమాలి మీద కోపమేమీ లేదు. ఆయన చెప్పినట్టు నాలుగు రోజుల్లో రంగు రావచ్చు కూడా. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది, అది ఆకుని ఎగదోస్తుంది. మీకు ఇప్పుడు కావాల్సింది వేరు. ఉన్న కొద్దిపాటి వేరు ఇప్పుడున్న ఆకుకే నీళ్లు అందించలేక అవస్థ పడుతుంటే, ఇంకా ఆకు పెంచితే ఎక్కడ తెచ్చి పోస్తుంది? పైగా తడి ఆకు మీద గుళిక పడితే అక్కడ మాడి మచ్చ పడుతుంది. పరిచినప్పటినుంచి నాలుగైదు వారాలు గడవనివ్వండి, రెండు కోతలు కానివ్వండి. అప్పుడు చదరపు మీటరుకి పది గ్రాములకి మించకుండా, ఆకు పొడిగా ఉన్నప్పుడు సమంగా చల్లి, వెంటనే నీళ్లు పెట్టండి. పది గ్రాములంటే మీరనుకునే దానికంటే చాలా తక్కువ, కంటి అంచనాతో చల్లకుండా తూచి చల్లండి.

కోత ఎప్పుడన్నది కూడా ఆ మూల లాగి చూసే పరీక్షే చెబుతుంది. పలక కదలకుండా బిగిసి ఉంటే కోయొచ్చు, మామూలుగా రెండు మూడు వారాలకి ఆ దశ వస్తుంది. బ్లేడు పదునుగా ఉండాలి, మొద్దు బ్లేడు ఆకుని కోయదు, చీల్చి పలకను కూడా లాగేస్తుంది. ఒక కోతలో ఎత్తులో మూడో వంతు మించి తీయొద్దు. నాలుగు సెంటీమీటర్లు ఉంచాలనుకుంటే ఆరు రాగానే కోసేయాలన్నమాట. కొత్త గడ్డి కదా, పెరగనిద్దాం అని వదిలేస్తే ఎత్తు పెరిగి, తర్వాత ఒక్కసారే గొరిగితే కింది పుల్లలు బయటపడి ఎండిపోతాయి. కోయబోయే ముందు రోజు నీళ్లు మానేస్తే నేల గట్టిపడి చక్రాల గుర్తులు పడవు.

పిల్లల్ని ఇంకో రెండు వారాలైనా ఆపక తప్పదు. తడి మట్టి మీద పరుగులు తీస్తే గుంటలు పడతాయి. అంతకంటే పెద్ద నష్టం, మలుపు తిరిగిన ప్రతిసారీ పలక జరిగి అప్పుడే దిగుతున్న తెల్లటి వేళ్లు తెగిపోవడం. రెండు కోతలు అయ్యాక ఆడుకోనివ్వండి, మొదట్లో ఒకే చోట కాకుండా చూడండి. ఈలోగా నీళ్లు పెట్టడానికి మీరు లోపలికి వెళ్లాల్సి వస్తే చెక్క వేసుకుని నడవండి. కుక్క ఉంటే అది మూత్రం పోసిన చోట వెంటనే బకెట్ నీళ్లు కుమ్మరించండి.

సందుల్లోంచి తుంగ, ఇతర కలుపు లేస్తుంది. లేతగా ఉన్నప్పుడే చేత్తో పీకండి. తుంగని గడ్డతో సహా తీయకపోతే మళ్లీ వస్తుంది. మూడు నాలుగు కోతలు అయ్యేదాకా కలుపు మందు ఊసెత్తొద్దు. మొలకలు రాకుండా ముందుగా చల్లే మందులు కొత్త వేళ్లని కూడా ఆపేస్తాయి. ఒకరోజు ఉన్నట్టుండి పిట్టలు గుంపుగా దిగి లాన్‌ని పొడుస్తుంటే మాత్రం నిర్లక్ష్యం చేయకండి. లేత గడ్డి అంటే కత్తెర పురుగుకి ఇష్టం. నాలుగు లీటర్ల నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ద్రావణం రెండు చెంచాలు కలిపి ఒక చదరపు మీటరు మేర పోయండి. గొంగళిపురుగులుంటే కొద్ది నిమిషాల్లో పైకి పాకుతాయి. ఏవీ రాకపోతే మందు కొనక్కర్లేదు.

చివరగా చెట్టు కింద ముక్క. అక్కడ నీళ్లూ ఎరువూ మార్చి లాభం ఉండకపోవచ్చు. ఒక సెలవు రోజు గంట గంటకీ చూసి, ఆ చోట నేరుగా ఎండ ఎన్ని గంటలు పడుతోందో రాసుకోండి. మీకు వేసింది బెర్ముడా అయితే దానికి రోజుకి కనీసం ఆరు గంటలు కావాలి. కొంచెమే తక్కువైతే కింది కొమ్మలు కొట్టించి, అక్కడ గడ్డిని కాస్త ఎత్తుగా ఉంచి కోయండి. రెండు మూడు గంటలే అయితే ఆ రకాన్ని ఎన్నిసార్లు పరిచినా ఇలాగే పలచబడుతుంది. ఆ ముక్క వరకు నీడను తట్టుకునే రకం తెప్పించుకోండి, లేదంటే గులకరాళ్లు పరిచేయండి.